గాలపు గుండుకు పొడి రంగు: ఎంచుకొనే ముందు తెలుసుకోవలసిన సంగతులు



మన పల్లెలలో గాలమంటే తెలియనివారు లేరు. ఒక వెదురు కర్ర, నైలాను తాడు, నీటిమీద తేలే బెండు, ముల్లుకు గుచ్చిన వానపాము, తాడు మునగడానికి చుట్టిన చిన్న సీసపు తునక. ఇంతే. అమెరికా దేశపు ఉత్తర ప్రాంతములో, ముఖ్యముగా మినెసోటా, విస్కాన్సిన్ రాష్ట్రాల సరస్సులలో చేపలు పట్టేవారు ఈ సీసాన్ని ముల్లు మెడకే పోతపోసి, ముల్లునూ బరువునూ ఒకే వస్తువుగా చేసుకుంటారు. దానిని జిగ్గు అంటారు. దాని గుండ్రని తలకు రంగు వేసి, వెనుక ఈకలో, వెంట్రుకలో, మెత్తని ప్లాస్టిక్ పురుగో తగిలిస్తారు. తాడును కొంచెము ఎగరవేస్తూ వదులుతూ ఉంటే అది నీటిలో చిన్న చేపవలె గెంతుతుంది. పెద్ద చేప దానిని చూచి వచ్చి నోట కరచుకుంటుంది.

జిగ్గు సరస్సు అడుగున రాళ్లలోను, మునిగిన చెట్ల మోళ్లలోను చిక్కుకొని తెగిపోతూ ఉంటుంది. ఒక్క రోజులోనే చాలా పోవచ్చు. ప్రతిసారి దుకాణములో కొనడము ఖర్చుతో కూడిన పని. అందుచేత అక్కడ చాలామంది అల్యూమినియం అచ్చులు కొనుక్కొని ఇంటిలోనే సీసము కరిగించి పోతపోసుకుంటారు. అయోవా రాష్ట్రములోని డూ-ఇట్ సంస్థ అచ్చులు ఈ పనికి పేరు పొందినవి. సరస్సులు గడ్డకట్టే చలికాలములో తండ్రి పోతపోయగా, పిల్లలు రంగు వేయగా వచ్చే వేసవికి కావలసినవన్నీ సిద్ధమౌతాయి.

పిల్లలు కూడా చేయి పెట్టే పని గనుకనే దీనిని గూర్చి ఈ కుటుంబ పత్రికలో వ్రాయుచున్నాము. ఏ రంగు పొడి కొనాలి అనేది పైకి చిన్న ప్రశ్నే. కాని దానిని సరిగా అడుగుతూ పోతే ఇంటిలోని బిడ్డల ఆరోగ్యము, నీటిమీద బ్రతికే పక్షుల ప్రాణము కూడా అందులో ఇమిడి ఉన్నవని తెలుస్తుంది. ఉద్యోగాల నిమిత్తము ఆ దేశము వెళ్లిన మన పిల్లలకు ఈ వినోదము అలవడవచ్చు. ఇక్కడ వల కట్టుకొని జీవించే మన కుటుంబాలకు కూడా ఇందులో పనికివచ్చే సంగతులు గలవు.

పొడి రంగు అనగా నేమి?

మామూలు రంగులో సన్నని రసాయన ద్రవము కలిసి ఉంటుంది. అది గాలిలో ఆవిరైపోగా రంగు ఆరుతుంది. పూర్వము జిగ్గులకు అట్టి రంగే వేసేవారు. ముందు తెలుపు పూత, దానిపై రంగు, దానిపై వార్నీషు; ప్రతి పూతకూ ఆరేవరకు ఆగాలి. అంత చేసినా రెండు రాళ్లకు తగిలితే పెచ్చులూడిపోయేది. పైగా మెత్తని ప్లాస్టిక్ పురుగులలో ఉండే నూనెవంటి పదార్థము కొన్ని రకాల రంగులను కరిగించి జిగురుగా మార్చివేసేది.

పొడి రంగులో ద్రవమే లేదు. రెసిను, రంగునిచ్చే పదార్థము, గట్టిపరచే పదార్థము - ఈ మూడింటిని కలిపి మెత్తని పిండిగా నూరుతారు. 1950ల ఆరంభములో జర్మనీ దేశస్థుడైన ఎర్విన్ గెమ్మర్ ఈ విధానమునకు బాట వేశాడు. అడుగునుండి గాలి ఊదితే పొడి మరుగుతున్న నీటివలె కదలాడుతూ తేలుతుంది. అందులో వేడి చేసిన లోహమును ముంచితే పొడి కరిగి సమానముగా అంటుకొంటుంది. ఇప్పుడు సైకిళ్లకు, ఇనుప కుర్చీలకు, ఫ్రిజ్‌లకు ఫ్యాక్టరీలలో వేసేది ఈ జాతి రంగే. ఇంటిలో జిగ్గులు చేసేవారు అదే పనిని చిన్న గిన్నెలో చేసుకొంటున్నారు.

ఒక సంగతి గమనించండి. మైనము వేడిచేస్తే కరుగుతుంది, చల్లారితే గట్టిపడుతుంది, మళ్లీ వేడిచేస్తే మళ్లీ కరుగుతుంది. కోడిగుడ్డు అలా కాదు. ఒకసారి ఉడికినదంటే ఎంత వేడిచేసినా తిరిగి పచ్చిసొన కాదు. జిగ్గులకు వాడే పొడి రంగు గుడ్డు వంటిది. మొదటి వేడికి కరిగి అంటుకుంటుంది. తరువాత ఓవెనులో తగినంతసేపు ఉంచితే లోపల రసాయన మార్పు జరిగి శాశ్వతముగా గట్టిపడుతుంది. ముంచి తీయగానే మెరుస్తూ కనబడినంతమాత్రాన పని అయిపోయినదని తలంచకూడదు. సగము ఉడికిన రంగు రాయి తగలగానే పగులుతుంది.

డబ్బీ కొనేటప్పుడు

పొడి రంగులలో ముఖ్యముగా మూడు రకాలు. ఎపాక్సీ రకము చాలా గట్టిది, లోహమును బాగా పట్టుకొంటుంది. అయితే ఎండకు పసుపెక్కి, సున్నము పట్టినట్లు పొడిబారుతుంది. పాలియెస్టర్ రకము ఎండకు బాగా తట్టుకొంటుంది. ఈ రెండింటిని కలిపినది మూడవ రకము. జిగ్గు ఎక్కువకాలము పెట్టెలోను, కొంతసేపు నీటిలోను ఉంటుంది గనుక ఏ రకమైనా పనిచేస్తుంది. పడవమీద ఎండలో ఆరబెట్టి ఉంచే అలవాటుంటే పాలియెస్టర్ మేలు.

కొన్ని పాలియెస్టర్ పొడులలో గట్టిపరచడానికి టి.జి.ఐ.సి. అనే రసాయనము వాడుతారు. ఇది జీవకణాలలోని వంశలక్షణాలకు హాని చేయగలదని ఐరోపాలో 1998లో ప్రమాదకర పదార్థాల జాబితాలో చేర్చారు. ఆ తరువాత పలు సంస్థలు దానికి బదులు వేరే రసాయనమును వాడసాగాయి. కాబట్టి కొనేముందు అమ్మేవానిని పొడి యొక్క భద్రతా పత్రము అడిగి, అది లేని రకమునే తీసుకోవడము మంచిది. పిల్లలున్న ఇంటికి ఇది తప్పనిసరి.

ఈ పనికోసమే చిన్న డబ్బీలలో అమ్మే ప్రో-టెక్ వంటి పొడులు ఉన్నవి. ఫ్యాక్టరీల కొరకు తయారైన పొడిని పెద్ద సంచులలో కొంటే చౌకగా పడవచ్చును గాని, అందులో కొన్ని ముంచడానికి అనుకూలించవు. విద్యుత్తు తుపాకితో చల్లడానికే తగినవి. చిన్న డబ్బీ ఒక్కటి వందల జిగ్గులకు సరిపోతుంది. కనుక చౌక అని సంచి కొనే అవసరము చాలామందికి రాదు. మూత బిగించి, తేమ తగలని చల్లని చోట ఉంచాలి. తేమ పట్టిన పొడి గడ్డలు కడుతుంది.

మిణుగురు రంగుల విషయములో రెండు మాటలు. చీకటిలో వెలిగే పొడి కొంచెము గరుకుగా, బరువుగా ఉంటుంది. ముందు తెలుపు పూత వేసి దానిపై వేస్తేనే బాగా వెలుగుతుంది. జింకు సల్ఫైడుతో చేసిన పాత రకముకన్న స్ట్రాన్షియం అల్యూమినేటుతో చేసినది చాలా ఎక్కువసేపు వెలుగుతుంది. కళ్లు మిరుమిట్లు గొలిపే ఫ్లోరోసెంట్ రంగులు కూడా తెలుపు పూతమీదే నిండుగా కనబడతాయి. అవి ఎండలో త్వరగా వెలిసిపోతాయి గనుక ఆ జిగ్గులను మూతపెట్టెలో ఉంచవలెను.

చేప కంటికి ఏ రంగు?

దుకాణములో నలుబది రంగులు వరుసగా పెట్టి ఉంటే ఏది తీసుకోవాలో తోచదు. మన కంటికి ఇంపైనది చేప కంటికి అట్లే కనబడదు. కారణము నీరే. స్వచ్ఛమైన నీరు సూర్యకాంతిలోని ఎరుపును మొట్టమొదట మింగివేస్తుంది. కొన్ని మీటర్ల లోతు దాటేసరికి ఎర్రని జిగ్గు బూడిదరంగుగా, ఆ తరువాత నల్లగా మారుతుంది. నీలము, ఆకుపచ్చ అన్నిటికన్న లోతుకు దిగుతాయి. అడవిలో రాలిన ఆకులు నాని టీ కషాయమువలె ఉండే సరస్సులలో దీనికి భిన్నముగా ఉంటుంది. అక్కడ నీలము ముందే మాయమై, పసుపు, నారింజ, ఎరుపు రంగులు ఇంకొంత దూరము ప్రయాణిస్తాయి. పాచి ఎక్కువైన నీటిలో ఆకుపచ్చ, పసుపు మిగులుతాయి.

ఫ్లోరోసెంట్ రంగు మేలు ఇక్కడే తెలుస్తుంది. అది తనపై పడిన నీలి, ఆకుపచ్చ కాంతిని తీసుకొని నారింజగానో పసుపుగానో తిరిగి విడుస్తుంది. అందువలన లోతులో కూడా తన రంగును పోగొట్టుకొనదు.

మినెసోటాలో ఎక్కువమంది కోరే చేప వాల్‌ఐ. దాని కంటిలో రంగును గుర్తించే కణాలు రెండు రకాలు ఉన్నవి. ఒకటి ఆకుపచ్చను, రెండవది నారింజ-ఎరుపును బాగా పట్టుకొంటుంది. పైగా పిల్లి కంటివలె దాని కంటి వెనుక అద్దమువంటి పొర ఉన్నందున మసక వెలుగులో కూడా చూడగలదు. అక్కడివారు నారింజ రంగును, షార్ట్‌రూజ్ అనబడే పసుపుపచ్చని ఆకుపచ్చను ఇంతగా వాడడానికి చేప కంటిలోనే ఆధారమున్నది.

కాబట్టి కొత్తవారికి మేము చెప్పేది ఇది. తెలుపు, షార్ట్‌రూజ్, నారింజ, నలుపు, గులాబి - ఈ ఐదు డబ్బీలు చాలు. తేట నీటికి తెలుపు లేదా గులాబి, మసక నీటికి షార్ట్‌రూజ్ లేదా నారింజ, చీకటివేళకు నలుపు. చీకటివేళ చేప క్రిందనుండి ఆకాశపు వెలుగు మీదికి చూస్తుంది గనుక నలుపే స్పష్టముగా కనబడుతుంది. మిగిలిన ముప్పది ఐదు రంగులు చేపలకన్న ముందు మనుష్యులను పడతాయి. కన్ను వేరే రంగులో దిద్దాలన్నా ఈ ఐదింటినుండే దిద్దవచ్చును.

ముంచి కాల్చే పద్ధతి

ముందుగా జిగ్గును శుభ్రపరచి, చేతి జిడ్డు లేకుండా తుడవాలి. తాడు కట్టే రింగును పటకారుతో పట్టుకొని హీట్ గన్ ముందు కొన్ని సెకన్లు త్రిప్పుతూ వేడి చేయాలి. తరువాత పొడిలో ఒక్క సెకను ముంచి తీయాలి. వేడి తక్కువైతే పొడి దుమ్మువలె అంటి రాలిపోతుంది. ఎక్కువైతే దళసరిగా పట్టి క్రిందికి బొట్లుగా కారుతుంది. నాలుగైదు చేసేసరికి చేతికి అలవాటౌతుంది. సమానమైన పూత కావాలంటే గిన్నె అడుగున సన్నని కాగితము బిగించి, చేపల తొట్టెకు వాడే చిన్న గాలి పంపుతో అడుగునుండి గాలి పంపిస్తారు. ఇది గెమ్మర్ పద్ధతికి ఇంటి రూపమే.

రంగు మెత్తగా ఉండగానే రింగులో నిండిన రంగును సూదితో తీసివేయాలి. గట్టిపడిన తరువాత కష్టము. ఆపైన తీగకు వ్రేలాడదీసి ఓవెనులో కాల్చాలి. సాధారణముగా 175 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద 15 నుండి 20 నిమిషాలు. అయితే డబ్బీమీద వ్రాసినదే ప్రమాణము. లోహము పూర్తిగా వేడెక్కిన తరువాతనే నిమిషాలు లెక్కించాలి. గడ్డిలో చిక్కకుండా పెట్టే నైలాను కుచ్చును మాత్రము కాల్చిన తరువాతే అతికించాలి, లేకుంటే కరిగిపోతుంది.

లోహము ఏదో తెలియకుండా ఓవెనులో పెట్టకూడదు. సీసము 327 డిగ్రీలకు, తగరము 232 డిగ్రీలకు కరుగుతాయి. రెండూ 175 డిగ్రీలకు తట్టుకొంటాయి. కాని సీసము లేని పోతలకు వాడే బిస్మత్-తగరము మిశ్రమము, 58 పాళ్లు బిస్మత్, 42 పాళ్లు తగరము కలిసినది, 138 డిగ్రీలకే కరుగుతుంది. దానిని పొడి రంగు వేసి ఓవెనులో పెడితే జిగ్గులన్నీ పళ్లెములో ముద్దగా కారి ఉంటాయి. అట్టి లోహమునకు మామూలు రంగే వేయాలి. టంగ్‌స్టన్ గుండ్లు ఓవెను వేడికి కరుగవు గాని, కొన్నింటిలో ముల్లును టంకముతో అతికించి ఉంటారు; వేడి మించితే ముల్లు ఊడివస్తుంది.

బిడ్డలున్న ఇంటిలో

సీసము శరీరములో ప్రవేశించి సున్నపు పదార్థమువలె నటిస్తుంది. ఎముకలలో చేరుతుంది, ఎదిగే మెదడును దెబ్బతీస్తుంది. చిన్నపిల్లలకు, గర్భిణీ స్త్రీలకు ఇది మరీ ప్రమాదము. రక్తములో ఇంతవరకు ఉంటే హాని లేదు అని చెప్పగల పరిమాణమేదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ స్పష్టముగా చెప్పుచున్నది. అమెరికా వ్యాధి నివారణ కేంద్రము 2021లో పిల్లల విషయములో హెచ్చరిక రేఖను డెసిలీటరు రక్తానికి 5 మైక్రోగ్రాములనుండి 3.5కు తగ్గించినది.

కనుక కొన్ని కట్టుబాట్లు ఉండాలి. సీసమును వంటింట్లో కరిగించకూడదు. ఆరుబయట, గాలివాటము చూచుకొని చేయాలి. వంటకు వాడే గిన్నెగాని, గరిటెగాని, ఓవెనుగాని ఈ పనికి ముట్టకూడదు. ఈ పనికి ముట్టినవి తిరిగి వంటకు రాకూడదు. తడి తగిలిన సీసపు ముక్కను కరిగిన సీసములో వేస్తే నీరు ఒక్కసారిగా ఆవిరై, మరుగుచున్న లోహము ముఖముమీదికి చిమ్ముతుంది. కళ్లకు అద్దాలు, కాళ్లకు బూట్లు అవసరము. పని ముగిసిన తరువాత సబ్బుతో చేతులు కడుగుకొని, బట్టలు మార్చుకొని, ఆ తరువాతే బిడ్డను ఎత్తుకోవాలి. నేలను చీపురుతో ఊడ్చి దుమ్ము లేపకుండా తడిగుడ్డతో తుడవాలి.

పొడి రంగు కూడా నిరపాయమైనదేమీ కాదు. మెత్తని పొడి ఊపిరితిత్తులలోనికి పోతుంది గనుక ముక్కుకు మాస్కు కట్టుకోవాలి. గాలిలో మేఘమువలె లేచిన పొడికి నిప్పు తగిలితే భగ్గుమని మండగలదు. కొందరు క్రొవ్వొత్తిమీద జిగ్గును వేడిచేసి ప్రక్కనే ఉన్న డబ్బీలో ముంచుతారు. ఇది విడిచిపెట్టవలసిన అలవాటు. పిల్లలకు ఏదైనా పని ఇవ్వాలంటే కాల్చి చల్లార్చిన జిగ్గులకు ఈకలు కట్టే పని ఇవ్వండి, అదియు సీసము లేని జిగ్గులైతేనే.

రంగు సీసమును కప్పగలదా?

చాలామంది ఇట్లు తలస్తారు: "గట్టి రంగు వేసితిమి గదా, ఇక సీసమువలన భయమేమున్నది?" చేతికి అంటకుండా ఉండడములో రంగు కొంత సహాయము చేస్తుంది. సరస్సులో అది నిలువదు.

ఉత్తర అమెరికా సరస్సులలో లూన్ అనే నీటిపక్షి ఉన్నది. నలుపు తెలుపు చుక్కల రెక్కలు, ఎర్రని కన్ను, రాత్రివేళ దూరముగా వినిపించే దీర్ఘమైన కూత. 1961లో మినెసోటా దానిని తమ రాష్ట్ర పక్షిగా ఎంచుకొన్నది. మన కోడివలెనే లూన్ కూడా కందనకాయలో ఆహారము నూరుకోవడానికి చిన్న రాళ్లు మింగుతుంది. జిగ్గు తగిలించుకొని తాడు తెంచుకొన్న చేపను కూడా మింగుతుంది. కందనకాయ తిరుగలివలె నూరుతుంది, ఆమ్లము కరిగిస్తుంది. ఎంత గట్టి పొడి రంగైనా అక్కడ అరిగిపోతుంది. ఒక్క చిన్న జిగ్గు చాలు. కొద్ది వారాలలో పక్షి చనిపోతుంది. న్యూ హాంప్‌షైర్ రాష్ట్రములో 1989నుండి 2012వరకు దొరికిన పెద్ద లూన్ల మృతదేహాలను పరీక్షించగా, దాదాపు సగము మరణాలకు సీసపు గాలపు సామగ్రే కారణమని 2018లో ప్రచురితమైన పరిశోధన తెలిపినది.

బ్రిటనులో హంసల మరణాలు చూచి 1987లోనే చిన్న సీసపు గుండ్ల అమ్మకాన్ని ఆపివేశారు. న్యూ హాంప్‌షైర్‌లో 2016 జూన్ నుండి ఒక ఔన్సు, అనగా సుమారు 28 గ్రాములు, అంతకు తక్కువ బరువుగల సీసపు జిగ్గుల అమ్మకము, మంచినీటిలో వాడకము నిషిద్ధము. మెయిన్ రాష్ట్రము మొదట రంగు వేయని సీసపు జిగ్గులనే నిషేధించినది. పూత రక్షణ కాదని తెలిసి 2023లో రంగు వేసినవాటికి కూడా ఆ నిషేధమును విస్తరింపజేయుచు చట్టము చేసినది.

కావున ముందు లోహము, తరువాత రంగు. తగరము సీసముకన్న తేలిక. అదే బరువుకు తల కొంచెము పెద్దదౌతుంది, ఖర్చు కూడా ఎక్కువ. కాని ఇంటి అచ్చులోనే పోయవచ్చును, పొడి రంగు చక్కగా పడుతుంది, ఓవెను వేడికి నిలుస్తుంది. పిల్లలతో కలిసి చేసేవారికి మేము సిఫారసు చేసేది తగరమే.

మన ఏటి ఒడ్డున

ఇదంతా దూరదేశపు మాట అనుకోవద్దు. మన గోదావరి, కృష్ణా తీరాలలో, చెరువులమీద విసురు వల వాడే ప్రతి ఇంటిలో సీసపు గుళ్లున్నవి. వల విసరేటప్పుడు అంచును పళ్లతో పట్టుకొనే అలవాటు కొందరికి ఉన్నది. గుళ్లు బిగించడానికి పంటితో నొక్కేవారూ ఉన్నారు. ఆ సీసము నోటిలోనికి పోతుంది. పాత బ్యాటరీలను పగులగొట్టి ఆ సీసము కరిగించడము మరింత అపాయము. అందులో ఆమ్లము, ఆర్సెనిక్ వంటి విషములు కూడా ఉంటాయి. పొయ్యిమీద, పిల్లలు ఆడుకొనే వాకిటిలో ఈ పని జరుగకూడదు. ఇనుప బరువులు, కాల్చిన మట్టి గుళ్లు మన మత్స్యకారులకు కొత్తవి కావు. వీలైనచోట వాటిని తిరిగి వాడవచ్చును.

తలుపులకు, గోడలకు వేసే రంగులలో సీసము 90 పి.పి.యం. మించకూడదని మన ప్రభుత్వము 2016లో నియమము చేసినది. డబ్బామీద ఆ మాట ఉన్నదో లేదో చూచి కొనండి. గాలపు గుండుకు రంగు ఎంచేవారు అడగవలసినవి నాలుగే ప్రశ్నలు: లోపలి లోహమేది? ఆ లోహము రంగు కాలే వేడికి నిలుస్తుందా? పొడిలో హానికరమైనది ఏదైనా ఉన్నదా? మన సరస్సు నీరు ఏ రంగును చూపిస్తుంది? ఈ వరుసలోనే అడగండి. దుకాణదారుడు నాలుగవదానితో మొదలుపెడతాడు. ఇంటి పెద్ద మొదటిదానితో మొదలుపెట్టాలి. సీసము కరిగించే ఇంటిలో చిన్నబిడ్డలుంటే, ఒకసారి వైద్యునితో చెప్పి వారి రక్తము పరీక్ష చేయించండి.